బ్యాటరీ కొనే ముందు తీగ చూడండి

(పాత డీజిల్ పికప్ బండ్లున్న రైతుల కోసం మండల రైతు సంఘం ఏర్పాటు చేసిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో గిట్టుబాటు ధర గురించి, కరెంటు కోతల గురించి, పంటల బీమా గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు బండి సెల్ఫ్ గురించి మాట్లాడమన్నారు. ఇది సంఘం పనేనా అని కొందరికి అనిపించవచ్చు. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలే రైతును అడగండి, ఇది ఎవరి పనో ఆయనే చెబుతాడు. చలికాలం తెల్లవారుజామున క్రేట్లన్నీ ఎక్కించాక సెల్ఫ్ కొడితే ఇంజన్ "ఊ... ఊ..." అని మూలిగి ఆగిపోతుంది. తోసేవాళ్లను పిలుచుకొచ్చి, బండి కదిలించి, మండీకి చేరేసరికి వేలం సగం అయిపోయి ఉంటుంది. అప్పుడు చేరిన కాయకు మనం ధర చెప్పం, వాళ్లు చెబుతారు. కోతకు, కూలికి, క్రేట్లకు పెట్టిన ఖర్చులో ఒక్క రూపాయి కూడా ఆలస్యం చూసి తగ్గదు.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. ఆపితే మళ్లీ స్టార్ట్ కాదనే భయంతో యార్డులో బండిని గంటల తరబడి ఆన్‌లోనే ఉంచుతారు. ఊరికే నిలబడిన డీజిల్ ఇంజన్ కూడా గంటకు అర లీటరు పైనే తాగుతుంది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేసినప్పటి నుంచి ఆ అర లీటరు బరువు ఎంతో మీకు తెలుసు.

అన్నిటికంటే పెద్ద నష్టం తప్పుడు రిపేరు. సెల్ఫ్ బరువుగా తిరిగితే మొదట "బ్యాటరీ పోయింది" అంటారు. ఏడెనిమిది వేలు పెట్టి కొత్తది వేస్తే నెల రోజులు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ అదే పాట. అప్పుడు సెల్ఫ్ విప్పుతారు. ఆ తర్వాత "డీజిల్ పంపు దించాలి" అంటారు. మా పక్క ఊరి రైతు ఒకాయన ఇలా రెండేళ్లలో రెండు బ్యాటరీలు మార్చి, ఒకసారి సెల్ఫ్ కట్టించాడు. చివరికి చూస్తే ఇంజన్‌కు, ఛాసిస్‌కు మధ్య ఉండే ఎర్త్ తీగ బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. రెండు మూడు వందల రూపాయల తీగ అది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. డబ్బు తీసే ముందు వరుస ప్రకారం చూడండి. ఖర్చు లేనిది ముందు, ఖర్చు ఉన్నది చివర.

మొదటి ప్రశ్న: ఇంజన్ ఎలా తిరుగుతోంది?

"స్టార్ట్ కావడం లేదు" అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు జబ్బులున్నాయి. ఒకటి, సెల్ఫ్ కొడితే ఇంజన్ నిదానంగా, బరువుగా తిరగడం. రెండోది, ఇంజన్ జోరుగానే తిరుగుతున్నా అంటుకోకపోవడం. మొదటిది ఎక్కువగా కరెంటు జబ్బు. రెండోది డీజిల్, గాలి, వేడి వీటిలో ఏదో ఒకదాని జబ్బు. ఈ తేడా తేల్చుకోకుండా బానెట్ ఎత్తితే చీకట్లో సూది వెతికినట్టే.

కానీ ఈ రెండింటికీ ఒక చుట్టరికం ఉంది. డీజిల్ ఇంజన్‌లో పెట్రోలు బండిలా నిప్పురవ్వ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలే కాలిపోయేంత వేడెక్కుతుంది, అందులో పడిన డీజిల్ మండుతుంది. ఇంజన్ నిదానంగా తిరిగితే నొక్కిన గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుంది, పుట్టిన వేడిని చల్లటి ఇనుము లాగేసుకుంటుంది. పంపు బాగున్నా, నాజిళ్లు బాగున్నా అంటుకోదు. కాబట్టి సెల్ఫ్ బరువుగా తిరుగుతున్నంత కాలం డీజిల్ పంపు మీద చెయ్యి వేయనివ్వకండి. ముందు తిరుగుడు సరిచేయండి.

చెవితో, కంటితో చేసే పరీక్ష

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, హెడ్‌లైట్లు వేయండి. ఒకరు సెల్ఫ్ కొట్టండి, ఇంకొకరు ముందు నిలబడకుండా పక్కనుంచి లైట్లు చూడండి.

లైట్లు బాగా మసకబారి ఇంజన్ బరువుగా తిరిగితే బ్యాటరీ బలహీనంగా ఉంది, లేదా సెల్ఫ్ ఉండవలసిన దానికంటే ఎక్కువ కరెంటు లాగుతోంది. లైట్లు బాగానే ఉండి ఇంజన్ మాత్రం బరువుగా తిరిగితే కరెంటు బ్యాటరీలో ఉంది, సెల్ఫ్‌కు చేరడం లేదు. దారిలో ఎక్కడో అడ్డం ఉంది. "టకటకటక" అని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులైంది. ఒక్కసారి "టక్" అని ఊరుకుంటే సోలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులను అనుమానించండి. "కిర్‌ర్" అని సెల్ఫ్ తిరుగుతూ ఇంజన్ కదలకపోతే పళ్ల చక్రం పట్టడం లేదు.

దీనికి పైసా ఖర్చు లేదు. మెకానిక్ దగ్గరికి వెళ్లినా "బండి స్టార్ట్ కాలేదన్నా" అనకుండా "లైట్లు తగ్గలేదు, అయినా బరువుగా తిరుగుతోంది" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో మీతో ఆయన మాట్లాడే తీరే మారుతుంది.

తీగల సంగతి

బోరు మోటారుకు వోల్టేజీ తగ్గితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మూలుగుతుంది, వేడెక్కుతుంది, కాలిపోతుంది. బండి సెల్ఫ్ కూడా మోటారే. ఈ సైజు డీజిల్ ఇంజన్‌ను తిప్పడానికి అది 200 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ లాగుతుంది. అంత కరెంటు పారేటప్పుడు తుప్పు పట్టిన ఒక్క అతుకు చాలు, 12 వోల్టుల్లో రెండు వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. అదే అతుకులోంచి లైటుకో హారనుకో కావలసిన కొద్ది కరెంటు హాయిగా పోతుంది. అందుకే "లైట్లు వెలుగుతున్నాయి కదా, తీగలు బాగున్నట్టే" అనుకోకూడదు.

చూడవలసిన అతుకులు: బ్యాటరీ ప్లస్, మైనస్ టెర్మినళ్లు, మైనస్ తీగ ఛాసిస్‌కు కలిసే బోల్టు, ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్త్ తీగ, సెల్ఫ్ మీద పెద్ద బోల్టు. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టి, ఆపాక ఒక్కో అతుకును చేత్తో జాగ్రత్తగా తాకి చూడండి. ఏది వేడిగా ఉంటే అక్కడే జబ్బు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఈ పని చేయండి.

ఎర్త్ తీగ పరీక్ష ఇంకా తేలిక. ఒక మందపాటి జంపర్ తీగ తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి గట్టిగా బిగించి సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ ఒక్కసారిగా జోరుగా తిరిగితే రోగం దొరికినట్టే. పాత ఎర్త్ తీగ మార్చండి. మార్చేటప్పుడు బోల్టు కింద తుప్పు, రంగు గీకి ఇనుము మెరిసేలా చేసి బిగించండి. రంగు మీద బిగిస్తే కొత్త తీగ కూడా పాతదానిలాగే పనిచేస్తుంది.

మల్టీమీటర్ ఉంటే అనుమానానికే తావు లేదు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఇంజన్ స్టార్ట్ కాకుండా ఒకరు స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. అప్పుడు బ్యాటరీ ప్లస్ సీసపు మొనకు, సెల్ఫ్ పెద్ద బోల్టుకు మధ్య అర వోల్టు మించి చూపకూడదు. బ్యాటరీ మైనస్ మొనకు, ఇంజన్ బాడీకి మధ్య 0.3 వోల్టు మించకూడదు. మించితే ఆ దారిలో తీగో అతుకో పోయింది. మీటరు ముల్లు సీసపు మొన మీదే పెట్టాలి, పైనున్న క్లాంపు మీద కాదు. మొనకు, క్లాంపుకు మధ్య చేరే తెల్లటి బూజే చాలాసార్లు దొంగ.

ఆ బూజును వేడినీళ్లలో తినే సోడా కలిపి కడగండి. సెల్స్ మూతలు బిగించి ఉంచండి, ఆ నీళ్లు లోపలికి పోకూడదు. ఆరాక వైరు బ్రష్‌తో రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త వాసలిన్ పూయండి. తీగలు విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు, అందులోంచి మండే వాయువు వస్తుంది.

ఆ తర్వాతే బ్యాటరీ

రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, తాళం పెట్టకముందే, బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కు దిగితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10కి పైన నిలిస్తే మంచిది. నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీ కూడా 9.6 కంటే కిందికి పడుతుంటే దానికి వయసైపోయింది, లేదా సెల్ఫ్ ఎక్కువ లాగుతోంది. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి పక్కింటి ట్రాక్టరు బ్యాటరీ, అదీ 12 వోల్టులదే, ఒక్క పూట అడిగి తెచ్చి పెట్టి చూడండి. దానితోనూ బరువుగానే తిరిగితే మీ బ్యాటరీ నిర్దోషి.

నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటర్‌తో ఆరు గదులూ విడివిడిగా చూడండి. అన్నీ సమానంగా తక్కువ ఉంటే చార్జింగ్ చాలలేదు. ఐదు బాగుండి ఒక్కటే బాగా తక్కువ ఉంటే ఆ గది పోయింది, బ్యాటరీ మార్చక తప్పదు. పోసేది డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లు పోస్తే అందులోని ఉప్పులు పలకలను తినేస్తాయి.

బ్యాటరీ మంచిదే అయినా తిండి అందకపోతే ఏం చేస్తుంది? ఇంజన్ స్టార్ట్ అయ్యాక కాస్త రేజ్ చేసి చూడండి. బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపాలి. తక్కువైతే ముందు డైనమో బెల్టు వదులుగా ఉందేమో చూడండి. ఇంకో దొంగ కూడా ఉంటాడు. పాత బండ్లకు మనం తగిలించే పాటల పెట్టె, అదనపు లైట్లు, పెద్ద హారను తీగలు తాళం తీసినా కరెంటు తాగుతుంటాయి. రాత్రి మైనస్ తీగ విప్పి పడుకోండి. పొద్దున బిగించగానే సెల్ఫ్ జోరుగా తిరిగితే దొంగ ఆ అదనపు తీగల్లో ఉన్నాడు.

తీగలు, బ్యాటరీ బాగుండీ బరువు తగ్గకపోతే సెల్ఫ్ విప్పించండి. కార్బన్ బ్రష్‌లు అరిగితే మార్చడం చౌక. బుష్‌లు అరిగితే ఆర్మేచర్ పక్కకు ఒరిగి లోపల రాసుకుంటుంది. పొద్దున బాగుండి, మధ్యాహ్నం ఇంజన్ వేడి మీద బరువుగా తిరిగే బండ్లలో ఎక్కువగా ఇదే కథ. అతుకులు వదులైనా వేడి మీద ఇలాగే చేస్తుంది, అందుకే తీగలు ముందు చూడమన్నాను. ఇంజన్ ఆయిల్ బండి పుస్తకంలో చెప్పిన గ్రేడే వాడండి. చిక్కటి ఆయిల్ పోస్తే చలిలో సెల్ఫ్‌కు అదనపు బరువు.

ఒక్క హెచ్చరిక. రేడియేటర్‌లో నీళ్లు రోజూ తగ్గుతూ, ఇంజన్ ఒక్కసారి అడ్డం పడి ఆగిపోతుంటే బలవంతంగా సెల్ఫ్ కొట్టకండి, తోయకండి. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉండవచ్చు. నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

జోరుగా తిరిగినా అంటుకోకపోతే

ఇప్పుడు రెండో జబ్బు. ముందు స్టాప్ కేబుల్ పూర్తిగా వెనక్కి వచ్చిందా చూడండి. అది సగంలో ఇరుక్కుంటే డీజిల్ పోదు. తర్వాత పొగ చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్‌లోకి చేరుతోంది, మండడం లేదు. అసలు పొగే రాకపోతే డీజిల్ చేరడం లేదు.

డీజిల్ చేరని బండికి పొద్దున చేతి పంపు ఇరవై సార్లు కొట్టి అప్పుడు సెల్ఫ్ వేయండి. వెంటనే స్టార్ట్ అయితే రాత్రి పైపుల్లోకి గాలి దూరి డీజిల్ ట్యాంకులోకి జారిపోతోంది. ఫిల్టర్ దగ్గర వాషర్లు, పగిలిన రబ్బరు పైపు, వదులైన క్లిప్పు చూడండి. ఫిల్టర్ నుంచి పంపుకు పోయే పైపు స్థానంలో డీజిల్‌కు తట్టుకునే పారదర్శకమైన పైపు ముక్క పెట్టి చూస్తే బుడగలు కళ్లారా కనిపిస్తాయి. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటే వారానికోసారి వదలండి, డబ్బాల్లో నిల్వ పెట్టిన డీజిల్ పోసేవాళ్లు తప్పకుండా.

తెల్లపొగ వచ్చే బండికి హీటర్ ప్లగ్‌లు ఉన్నాయా అని ముందు తెలుసుకోండి. పాత టాటా ఏస్ లాంటి ముందు గది రకం ఇంజన్లకు అవి ఉంటాయి, చలిలో అవి లేకుండా కదలవు. వాటి మీది పట్టీ విప్పి, ఒక చిన్న 12 వోల్టుల బల్బుకు ఒక తీగ బ్యాటరీ ప్లస్‌కు, రెండో తీగ ప్లగ్ తలకు తాకించండి. బల్బు వెలగకపోతే ఆ ప్లగ్ కాలిపోయింది. ప్లగ్‌లు బాగుండీ తెల్లపొగ పోకపోతే, అప్పుడే నాజిళ్లు, వాల్వ్ గ్యాపు, కంప్రెషన్ చూపించాలి. నిజంగా వేల రూపాయల పని అది. అక్కడికి చివర వెళ్లాలి, మొదట కాదు.

చేయకూడని పనులు

ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం, స్ప్రే కొట్టడం మానేయండి. హీటర్ ప్లగ్ ఉన్న ఇంజన్‌లో అది పేలి పిస్టన్ పగలవచ్చు, మొహం కాలవచ్చు. ఒక్కసారికి పది సెకన్లు మించి సెల్ఫ్ కొట్టకండి. మధ్యలో ఒక నిమిషం ఆగండి, సెల్ఫ్ చల్లారాలి. లారీలకు సాధారణంగా 24 వోల్టులు ఉంటాయి, దాని నుంచి జంపర్ తీగ తీసుకోకండి. జంపర్ వేసేటప్పుడు ప్లస్‌కు ప్లస్ ముందు, తర్వాత మంచి బ్యాటరీ మైనస్, చివరి కొస మన బండి ఇంజన్ ఇనుముకు. కామన్ రైల్ బండ్ల నాజిల్ పైపులు ఇంట్లో విప్పకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

సంఘంగా మనం చేయగలిగింది

మెకానిక్‌లు మన శత్రువులు కారు. వాళ్లలో చాలామంది మన పల్లెల పిల్లలే. కానీ పరీక్ష చేయకుండా సామాను మార్చే అలవాటు మన చెమటను తినేస్తోంది. కాబట్టి మూడు నియమాలు పెట్టుకుందాం. మార్చేముందు కొలత చూపమని అడుగుదాం. మార్చిన పాత సామాను మనకే ఇవ్వమందాం. కొన్న ప్రతిదానికీ బిల్లు, బ్యాటరీకైతే తేదీ వేసి ముద్ర కొట్టిన వారంటీ కార్డు తీసుకుందాం. పాత బ్యాటరీ అంగడికే తిరిగి ఇచ్చి దాని విలువ బిల్లులో తగ్గించమని అడగండి. సీసం కోసం పొలంలో పగలగొట్టవద్దు, ఆ విషం మన మట్టిలోనే మిగులుతుంది.

నాసిరకం బ్యాటరీ అంటగట్టి వారంటీ లేదంటే ఊరుకోవద్దు. "నువ్వు వ్యాపారానికి కొన్నావు, వినియోగదారుడివి కావు" అని బుకాయిస్తారు. సొంత కష్టంతో బతుకుతెరువు కోసమే వాడుకునే వస్తువును వాణిజ్య అవసరంగా లెక్కించకూడదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే వివరణ ఉంది. జిల్లా కమిషన్‌లో చెల్లించిన విలువ 5 లక్షల రూపాయల లోపుంటే ఫిర్యాదు రుసుము లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. బిల్లు లేకుండా మాత్రం ఇవేవీ అక్కరకు రావు.

చివరిగా ఒక ప్రతిపాదన. ప్రతి గ్రామ శాఖ దగ్గర ఒక పెట్టె ఉండాలి. అందులో ఒక మల్టీమీటర్, హైడ్రోమీటర్, మందపాటి జంపర్ తీగల జత, వైరు బ్రష్, స్పానర్లు, 12 వోల్టుల పరీక్ష బల్బు. ఇదంతా కలిపినా ఒక్క కొత్త బ్యాటరీ ఖరీదు కాదు. పెట్టె ఎవరింట్లో ఉందో అందరికీ తెలియాలి. వాడినవాళ్లు ఒక నోటు పుస్తకంలో తేదీ, బండి, కొలత, దొరికిన జబ్బు రాయాలి. ఏడాది తిరిగేసరికి మన పల్లెల బండ్లకు నిజంగా ఏ జబ్బులు వస్తున్నాయో మన చేతిరాతలోనే మన దగ్గర ఉంటుంది. మార్కెట్ యార్డులో రైతుల బండ్లకు ఒక చార్జింగ్ సదుపాయం, ఒక షెడ్డు కావాలని మార్కెట్ కమిటీని అడిగే రోజున ఆ పుస్తకమే మన సాక్ష్యం.

ఈ ప్రతిపాదనను ప్రతి గ్రామ శాఖ చర్చించి, ఈ చలికాలం కోతలు మొదలయ్యేలోపు పెట్టె సిద్ధం చేసుకోవాలని కోరుతున్నాను.